నడుమునొప్పికి సాక్ష్యము

శ్రావణమాసారంభమున నీలమేఘపంక్తులు చంపావతీతీరమునందు దమ్ముచేసిన మడులపై ఎడతెగక వర్షింపగా నారుకట్టలు గట్టుగట్టునను పచ్చని రాశులై యొప్పుచుండెను. ఆ యేటికి క్రోశెడు దూరమునగల గోనెనార మిల్లులో పొలముగల కార్మికులెల్లరును ఉడుపులకు పోగోరి నడుమునొప్పి యను పేరిట మిల్లు వైద్యశాలకు వచ్చుచుండిరి. నడుమునొప్పికి జ్వరమువలె కొలత లేదు పుండువలె రూపము లేదు. కావుననే యది యందఱకును అనుకూలమైన రోగమయ్యెను.

వైద్యురాలు విశాలాక్షి గతసంవత్సరము అడిగినవారికెల్ల సెలవుచీటీ వ్రాసి యిచ్చెను. సగము మగ్గములు నిలిచిపోగా నింకొకమాఱు ఇట్లు జరిగినచో ఆమె చేవ్రాలు చెల్లదని యాజమాన్యము తెలిపెను. చేవ్రాలు చెల్లనినాడు నిజమైన రోగికిని దిక్కులేదని యెఱిగి యామె యొక పరీక్షను కనిపెట్టెను. హాజరుచీటీ తెమ్మని రోగిని ఆవరణలోని ఆఫీసునకు పంపి కిటికీనుండి చూచుచుండును. నొప్పిగలవాడు తాను వచ్చిన సైకిలును నడిపించుకొని పోవును. బొంకినవాడు కాలు విసరి యెక్కును. ఆ యుదయము తొమ్మండుగురు ఎక్కిరి.

"సావనం వొచ్చిందంటే సాలమ్మా, ఊళ్లో నడుములన్నీ ఒక్కపాలే ఇరిగిపోతాయి" అని కాంపౌండరు కూర్మయ్య నవ్వెను.

పదవవాడు డాలినాయుడు. ముప్పదియేండ్లు మగ్గము కడ నిలిచి పనిచేసినవాడు.

"పది అడుగులేస్తే కాళ్లు మొద్దెక్కిపోతన్నాయమ్మా. మగ్గం కాడ నిలబడనేను."

"పొలమెంత ఉంది నీకు?"

"సెంటు కూడా నేదమ్మా."

"పొద్దుట్నించీ వొచ్చినోలందరూ బూమి నేదన్నోలే" అని కూర్మయ్య గొణిగెను.

సెలవుచీటీ లేక మూడుదినములు రానివాని పేరు మిల్లులో కొట్టివేయుదురు. డాలినాయుడప్పటికి రెండుదినములు చాపపై గడపియుండెను. అయినను ఆఫీసునకు పొమ్మనగానే యతడు అవలీలగా సైకిలెక్కి ముందునకు వంగి వేగముగా పోయెను. విశాలాక్షి పనికి తగినవాడని వ్రాసి తిరిగివచ్చినవాని చేతికిచ్చెను. అతడు నమస్కరించి వెడలెను.

గేటుకడ సైకిలు దిగి నడువవలెనను నియమముండెను. డాలినాయుడు పదియడుగులు నడచి నిలిచి సైకిలుపై ఱొమ్ము వాల్చెను. పిదప వానలోనే గొంతుకూర్చుండి మోకాళ్లపై తల వంచెను. లేచి మఱల కొంత నడచి మఱల కూర్చుండెను. విశాలాక్షి తన్ను కిటికీనుండి చూచుచున్నదని యతడెఱుగడు. ఎఱుగనివాడు నటింపడు. ఈ లెక్క తోచినంతనే వైద్యురాలు కూర్మయ్యను పరుగెత్తించి యతనిని రప్పించెను.

నిటారుగా నిలువబెట్టి వెనుకకు వంగుమనగా క్షణములో నతని పిక్కలు వణకెను. మడమవెనుక స్నాయువుపై చిన్నసుత్తితో తట్టినను పాదము కదలలేదు. వెన్నెముకలో నరముల త్రోవ ఇఱుకైనది. వంగిన సడలును. నిలిచిన బిగియును. సైకిలు అతని పాలిటి మందే కాని బొంకునకు సాక్ష్యము కాదు.

"సైకిలు మీద నొప్పి ఉండదని ముందే చెప్పలేదేం నాయుడూ?"

"సైకిలు మీద బాగుందంటే సెలవెవులిత్తారమ్మా?"

ఆమెకు నవ్వును సిగ్గును ఒక్కసారిగా కలిగెను. మునుపటి కాగితమును చించి నెల సెలవునకు చీటీయు పెద్దాసుపత్రికి ఉత్తరమును వ్రాసెను.

"పేరు కొట్టీయరు గదమ్మా?"

"కొట్టరు. నే రాశాను కదా."

డాలినాయుడు బల్లపై మోచేతులాన్చి దీర్ఘముగా నిట్టూర్చెను. విశాలాక్షి గుండెయు తేలికపడెను. తొమ్మండుగురి బొంకును నమ్మినచో మిల్లునకు పోవునది కొన్ని బారల గోనెగుడ్డ. ఒక్కని నిజమును నమ్మకున్న పోవునవి యే మగ్గముపైనను మఱల నేయరాని రెండు కాళ్లు.