రేషియో నలభై ఏడు

ఇంకా కట్టని ఇళ్ళకి బొమ్మలు చేసిచ్చే పని అక్కది. గోడలు, కిటికీలు, కిటికీలోంచి పడే ఎండ, అన్నీ కంప్యూటరే లెక్కలు కట్టి బొమ్మగా తేల్చాలి. అది తొందరగా తెమలాలని రెండేళ్ళ కిందట తమ్ముడు దాని ప్రాసెసర్ని కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరిగెత్తేట్టు సెట్ చేసిపెట్టాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారట. రెండేళ్ళూ కిక్కురుమనకుండా పనిచేసి, సరిగ్గా వాడు ఆస్పత్రిలో పడ్డ నెలకే దానికీ మాయరోగం పట్టుకుంది. రాత్రి ఆపి పొద్దున్న వేస్తే చాలు, పెట్టిన వేగమంతా మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చి కూర్చుంటోంది.

వాడి సంగతి చెప్పాలంటే నోరు రాదు. ముప్పై నాలుగేళ్ళు, అంతే. ఊపిరితిత్తులు ఇక కోలుకోవని డాక్టర్లు తేల్చేశారు. ఆ మాట విన్నరోజు గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్ళీ ఇటు తిరగలేదు. సాయంత్రం అక్క వెళ్ళి కూర్చుంటే పలకడు. గిన్నె దగ్గరికి తెస్తే మూతి బిగించేస్తాడు. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. గోడకి చెప్పినట్టే!

అలాంటివాడు అక్క కంప్యూటరు గురించి ఫోన్ చేసిన పొద్దున లేచి కూర్చున్నాడు.

"మళ్ళీ మొదటికొచ్చిందా? ఏం చూపిస్తోంది?"

"నాకేం తెలుసురా! వేగం పోయింది. తేదీ చూస్తే ఎప్పటిదో జనవరి ఒకటి అంటోంది. నా తల ప్రాణం తోకకొస్తోంది."

"తేదీ సంగతి తర్వాత చూద్దాం. ముందు సెట్టింగుల్లోకి వెళ్ళు. వేగం అంకె రేషియో అని ఉంటుంది, అది నలభై ఏడు పెట్టు. సేవ్ చేసి బయటికి రా. ఒక పద్ధతి చెప్తా విను. రోజుకి ఒక్కటే మారుద్దాం. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. నా దగ్గర పెద్ద లిస్టుంది."

ఆ పూట వాడు గిన్నెడు జావ తాగాడని నర్సు చెప్పింది. అక్క వంటింట్లో నిలబడి ఏడ్చింది.

అప్పట్నుంచి అదే వరస. ఒకరోజు త్వరగా ఆన్ అయ్యే సదుపాయం తీసేయించాడు. ఇంకోరోజు వేగాన్ని మార్చే ప్రోగ్రాం ఏదో ఉందని దాన్ని పీకించాడు. మరోరోజు మదర్‌బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాడు. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే. "పోయిందిరా!" అని ఆవిడ మొత్తుకునేది. "పోనీలే, లిస్టులో ఇంకోటుంది" అని వాడు దగ్గుకుంటూ నవ్వేవాడు. రోజూ చివర్లో అదే మాట: "రేషియో నలభై ఏడు." ఆవిడకి అది కంఠతా వచ్చేసింది. అయినా "ఎంత?" అనే అడిగేది.

మూడో వారంలో బావ పుణ్యమా అని అంతా బయటపడింది. ఆయనకి ఇల్లు కాలిపోతుందని భయం. పడుకునే ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ గోడలోంచి పీకేస్తాడు. కరెంటు అందనప్పుడు సెట్టింగుల్నీ గడియారాన్నీ గుర్తుపెట్టుకోడానికి లోపల ఓ బ్యాటరీ ఉంటుందని, అది చచ్చిందని ఎవరో చెప్తే, ఆదివారం పెట్టె విప్పి మార్చేశాడు. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, అంతే! సోమవారం పొద్దున వేగం ఎక్కడికీ పోలేదు.

"చూశావా, చిటికెలో పని. మీవాడు ఇన్నాళ్ళుగా ఏం వెలగబెడుతున్నట్టు?" అన్నాడు బావ.

"మీకెవరు చెప్పారండీ దాన్ని ముట్టుకోమని?" అని ఆవిడ అరిచింది. మెచ్చుకుంటుందనుకున్న మనిషి బిత్తరపోయాడు.

ఆ పొద్దునే ఆవిడ సెట్టింగుల్లోకి వెళ్ళి, అన్నీ మొదటికి తెచ్చే మీట నొక్కి, వేగాన్ని తన చేత్తోనే చెరిపేసింది. చెరిపేసి ఫోన్ చేసింది. "పోయిందిరా మళ్ళీ." రోజూ అదే పని. తమ్ముడితో అబద్ధమాడుతున్నానే అని ఒక్కరోజు కూడా సిగ్గుపడలేదు. జావ తాగుతున్నాడు, అది చాలు.

కానీ వాడి గొంతు తగ్గిపోతూ వచ్చింది. జావ కూడా సగం గిన్నె, తర్వాత రెండు చెంచాలు. ఒక గురువారం వాడు మాట మాటకీ ఆగుతూ అడిగాడు.

"అక్కా, స్క్రీన్ మీద తేదీ ఎంతుంది?"

ఆవిడ ఆలోచించకుండా ఉన్నది ఉన్నట్టు చదివేసింది. ఆ రోజు తేదీ, ఆ నిమిషం టైము. చదివాక గానీ తట్టలేదు, వేగాన్ని చెరిపింది గానీ తేదీని ముట్టుకోలేదని.

"కరెక్టుగానే ఉందే" అన్నాడు వాడు. "బ్యాటరీ ఎప్పుడు మార్చారు?"

ఆవిడ మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

"జనవరి ఒకటి అన్నావు చూడు మొదటిరోజు, అప్పుడే తెలుసక్కా నాకు బ్యాటరీ అని."

"మరెందుకు చెప్పలేదురా?"

"చెప్తే మర్నాడు ఫోన్ చేసేదానివా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇంక చెరపకు. లిస్టు అయిపోయింది. నాకూ ఓపిక లేదు."

"నోర్ముయ్. రేపు చేస్తాను. ఎత్తు" అంది అక్క.

మర్నాడు ఆవిడ దేన్నీ చెరపలేదు. కంప్యూటరు వేస్తే ఏం మర్చిపోకుండా లేచింది. రేషియో నలభై ఏడు, తేదీ శుక్రవారానిది. అన్నీ ఉన్నాయి. అయినా ఫోన్ చేసింది. నర్సు ఎత్తింది.

"మాట్లాడలేకపోతున్నారమ్మా. మాస్క్ పెట్టాం. ఏమైనా చెప్పమంటారా?"

"రేషియో ఎంత పెట్టాలో అడగండి. వాడికి తెలుసు."

నర్సు పాపం ఏమనుకుందో, అడిగింది. అక్కకి అటువైపు మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చాలాసేపటికి నర్సు మళ్ళీ వచ్చింది.

"వేళ్ళు చూపించారమ్మా. నాలుగు. ఆ తర్వాత రెండో చెయ్యి కూడా ఎత్తబోయారు గానీ లేవలేదు. నాలుగేనా?"

"సరిపోతుందమ్మా. పెట్టేశానని చెప్పండి" అంది అక్క.