అవిసెనూనె ఆఖరి పూత

తిరుపతాచారి గుడ్డను నూనెలో ముంచి, పిండి, మోకాళ్ళ మీద వంగాడు. బాత్రూంలో కిటికీ కింది మూల నుంచి మొదలుపెట్టాడు. పూసుకుంటూ వెనక్కి వెనక్కి జరిగి గడప దాకా రావాలి, లేకపోతే పూసిన చోటే కాలేసి బయటపడాల్సి వస్తుంది. నలభై ఏళ్ళ పనిలో ఆ పొరపాటు ఒక్కసారే చేశాడు. అప్పుడతనికి కొత్తగా పెళ్ళయింది.

ఇప్పుడు అరవై రెండేళ్ళు. ఎండిన మునక్కాడల్లాంటి చేతులు, కుడి బొటనవేలికి గోరు లేదు, చెవి మీద ఎర్ర పెన్సిలు. దిల్‌సుఖ్‌నగర్ నిండా రెడీమేడ్ తలుపుల దుకాణాలు వచ్చాక చారిని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. భార్య పోయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. కొత్తపేటలో ఒక కిరాయి గది, ఒక స్టవ్వు, ఒక మంచం. పనిలేని రోజున నోరు విప్పే అవసరమే రాదు. అందుకే ఇవాళంటే అతనికి పొద్దుటి నుంచీ దిగులుగా ఉంది. ఈ ఇంట్లో ఇది ఆఖరి పూత. దీని తర్వాత రేపు రమ్మని పిలిచే మనిషి లేదు.

ఇల్లు ఎల్‌బీ నగర్‌లో, రెండో అంతస్తు. ఇంటావిడ వేదవతి బెజవాడ వైపు మనిషి, టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. నిరుడు ఇదే బాత్రూంలో తడి టైలు మీద జారి, తుంటి విరిగి, రెండు గంటలు అలాగే పడి ఉన్నారట. అప్పట్నుంచి టైలంటే దడ. కింద చెక్క వేయించుకుంటానంటే విన్నవాళ్ళందరూ నవ్వారు. బాత్రూంలో చెక్కేమిటి, చెదలకు విందా అన్నారు. చారి మాత్రం నవ్వలేదు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

ఆవిడ దుకాణంలో మెచ్చి తెచ్చుకున్న నిగనిగలాడే రెడీమేడ్ చెక్క పలక ముక్క చూపిస్తే, దాన్ని జేబులో వేసుకుని వెళ్ళాడు. దానితోపాటు ఒక చవకరకం అడవి చెక్క ముక్కనూ, మలక్‌పేటలో కూల్చిన పాత ఇంటి టేకు దూలం ముక్కనూ తన గదిలో బకెట్ నీళ్ళలో వారం రోజులు నానేశాడు. తెచ్చి ఆవిడ ముందు వరసగా పెట్టాడు. నిగనిగల ముక్క పూరీలా పొంగింది. అడవి చెక్క వంకర తిరిగింది. టేకు మాత్రం ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది.

"గిది మీకన్న, నాకన్న పెద్దదమ్మా. గిది సూడని వాన లేదు," అన్నాడు.

స్నానం చేసే చోట గరుకు రాయి ఉంచి, మిగతా అంతా టేకు పలకలు పరిచాడు. పలకకూ పలకకూ మధ్య సన్నటి సందు, అడుగున గాలి ఆడటానికి బద్దలు. పైన అవిసెనూనె మూడు పూతలు, ఒక్కో పూత ఆరడానికి ఒక్కో రోజు. అనుకున్న ప్రకారం పోయిన వారమే ముగియాల్సిన పని. కానీ మూడో పూత ఆరకముందే, శుక్రవారం పొద్దున్నే, పనిమనిషి వెంకాయమ్మ రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి చీపురుతో బరబరా కడిగేసింది. శుక్రవారం నాడు కడగని ఇంటికి లక్ష్మి వస్తుందా మరి! తెల్లబడిన చెక్కను చూసి చారి లబోదిబోమన్నాడు. పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైందన్నాడు. లోపల మాత్రం, చెప్పుకుంటే సిగ్గు, పండగలా ఉంది. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ మొదటి నుంచి పూయాలి. అంటే ఇంకో ఐదు రోజులు రెండు పూటలా టీ, "తిరుపతాచారి గారూ" అన్న పిలుపు. ఈ పట్నంలో అతన్ని గారూ అన్నది ఆవిడ ఒక్కరే.

గడప దగ్గరికి వచ్చేసరికి పన్నెండయింది. ఆఖరి పలక తుడిచి లేవబోతే రొమ్ములో పట్టేసినట్టయింది. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి సర్దుకుంది. ఈలోగా వేదవతి టీ గ్లాసు తెచ్చారు.

"అయిపోయినట్టేనాండీ?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఇంకో పూత కావాలంటే ఆవిడ కాదంటారా? కానీ చెక్క విషయంలో అతనెన్నడూ అబద్ధమాడలేదు.

"నిన్ననే అయిపోయిందమ్మా. గీ పూత అక్కర్లేకుండె. ఊకెనే ఏసిన."

ఆవిడ గ్లాసు అతని చేతికిచ్చి, గోడ వైపు చూస్తూ అన్నారు.

"ఆ శుక్రవారం వెంకాయమ్మని కడగమన్నది నేనేనండి."

"తడి తగలొద్దని చెప్పిన గదమ్మా."

"చెప్పారు. తెలిసే కడిగించాను."

చారికి కళ్ళలో నీళ్ళు తిరిగితే, నూనె ఘాటని ముక్కు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో అతని కోసం ఒక మనిషి పని చెడగొట్టుకోవడం ఇదే మొదలు. టీ మొత్తం తాగి, గ్లాసు గడప పక్కన పెట్టాడు.

"ఏడాదికోపారి, వానలు పోయినంక, ఒక పూత పెట్టాలె. లేకుంటే చెక్క ఎండిపోతది."

ఇది అబద్ధం కాదు.

"ఎవరు పెడతారండీ?"

"నేనొస్త గదా!"

మిగిలిన నూనె డబ్బా మూతికి తన తువ్వాలు అంచు చింపి కట్టాడు. నాకు మరుపెక్కువ, ఎప్పుడో దాని మీద రాయండి అన్నారావిడ. చెవి మీది పెన్సిలు తీసి, డబ్బా చుట్టూ ఉన్న కాగితం మీద రాసి, గడప మీంచే చెయ్యి చాపి తలుపు మీది వెంటిలేటర్ గూట్లో పెట్టాడు.

"రెండు దినాలు కాలు పెట్టొద్దు. గీసారి కడగొద్దు."

"కడగనండీ బాబూ," అని ఆవిడ నవ్వేశారు. అతనూ నవ్వాడు.

ఆ రోజు షేర్ ఆటో ఎక్కకుండా నడిచే కొత్తపేట వెళ్ళాడు. దారిలో జామకాయలు కొన్నాడు. వాకిట్లో బియ్యం ఏరుతున్న ఇంటి ఓనరు కిష్టమ్మ అతని మొహం చూసి ఆశ్చర్యపోయింది.

"ఏంది చారన్నా, కొత్త పని దొర్కిందా?"

"దొర్కింది. ఏడాదికోపారి పని."

ఆమె చేతిలో రెండు కాయలు పెట్టి, మెట్టు మీద కూర్చుని ఒక చెప్పు విప్పాడు. రెండోది విప్పకుండానే గోడకు ఒరిగాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుందామె. దీపాలు పెట్టే వేళకు లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

మూడో రోజు పొద్దున వేదవతి ఉత్త కాళ్ళతో ఆ చెక్క మీద నిలబడ్డారు. కాలు జారలేదు, చలి తగల్లేదు. ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ఉన్న సంగతి చెప్పింది. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా ఆ పలకల మీదే కూలబడి, చాలాసేపు ఏడ్చారు. పైన వెంటిలేటర్ గూట్లో, తువ్వాలు ముక్క కట్టిన నూనె డబ్బా మీద ఎర్ర పెన్సిలు రాత ఉంది: "వచ్చే కార్తీకం. చారి ఒస్తడు."