ఎడమయంచున నిలిచిన బాణపుగుర్తు

ఆషాఢమాసపు అపరాహ్ణము. సముద్రముమీఁదినుండి తరలివచ్చిన నీలమేఘమాలిక కాకినాడ పట్టణమునెల్లఁ గప్పి పట్టపగలే సంధ్యాభ్రాంతిఁ గొలుపుచు వర్షింపక గర్జింపక నిలిచియుండఁగా గాలియాడని వీథులయందు జనులు ఉస్సురనుచుండిరి. అట్టి వేళ నొకానొక నేత్రవైద్యాలయమున కిటికీలకు నల్లతెరలు దించిన చిన్నగదిలో సుభాషిణి యను యువతి అరచేతులఁ బట్టిన చెమటను చున్నీతోఁ దుడుచుకొనుచుఁ గూర్చుండెను.

మనుష్యుని చూపు ప్రక్కలకు ఎంతమేర వ్యాపించునో పరీక్షించు కంప్యూటరు ప్రోగ్రామును రచించినది ఆమెయే. నల్లని తెర నడుమ నొక యెఱ్ఱచుక్క నిలుచును. రోగి దానినే చూచుచుండ నలుదిక్కులఁ దెల్లచుక్కలు మెఱసి మాయును. మెఱసినప్పుడెల్ల నతఁడు మీట నొక్కవలయును. తక్కినదేదియుఁ దెరపైఁ గనఁబడరాదు గనుక పరీక్షారంభముననే మౌసు బాణపుగుర్తు అదృశ్యమగునట్లు ఆజ్ఞ వ్రాసియుంచెను.

నాఁటి తొలిరోగి గరికిన పోలారావు. బడిబస్సు నడుపుచు తల నెరసినవాఁడు. పొరుగింటివాఁడగుటచే ఆమెకు చిన్ననాఁటినుండి బాబాయి. లైసెన్సు కొనసాగుటకు కంటిపరీక్షాపత్రము కావలసి వచ్చెను.

"మనమ్మాయి సేసిన మిసనంట. ఇంక భయమేటి?" అని నవ్వి కన్నులు రెండును దెఱచి తెరముందు కూర్చుండెను.

పరీక్ష సగమైనదో లేదో బ్యాటరీ క్షీణించుచున్నదను హెచ్చరిక పొడసూపెను. సుభాషిణి దానిని మూసెను. హెచ్చరిక పోయెను గాని దానితో వచ్చిన బాణపుగుర్తు పోక తెర యెడమయంచునఁ దెల్లగా ప్రకాశించుచు నిలిచెను. గుర్తును ఎన్ని పర్యాయములు చూపుమందుమో అన్ని పర్యాయములును దాఁచుమనవలయును, కంప్యూటరు ఆ లెక్క తప్పదు. హెచ్చరిక వచ్చునప్పు డొకసారియు పరీక్ష నిలుచునప్పు డొకసారియు చూపుమని వ్రాసిన యా మహాతల్లి దాఁచుమని యొక్కసారియే వ్రాసెను! వైద్యుఁడు చూచిన నేమనును? అంతకంటె తన పొరపాటున బాబాయి పరీక్ష చెడి నోటికాడి కూడు పోయిన నేమి గతి?

"బాబాయ్, ఆ బాణం అడ్డొస్తోందా? తప్పు నాదే. ఆపి మళ్ళీ మొదలెడతాను."

"ఏ బాణమమ్మా? ఎర్రసుక్క తప్పితే ఇక్కడేటీ లేదు."

ఆమె భయము వేఱొక రూపు దాల్చెను. తప్పు తనదే యైనచో నెంత బాగుండునని యామె మనసారఁ గోరుకొనెను.

"చుక్కనే చూస్తుండు బాబాయ్. తెల్లగా ఏదైనా కనపడితే చెప్పు."

మౌసును జరుపుచు గుర్తును ఎడమనుండి నడిమికి మెల్లమెల్లగాఁ దెచ్చెను. సగము దూరము వచ్చెను. అతఁడు పలుకలేదు. చెప్పుము బాబాయీ చెప్పుమని ఆమె లోలోనఁ బ్రాధేయపడుచుండ గుర్తు ఎఱ్ఱచుక్క చెంతకుఁ జేరెను.

"ఆఁ, ఇప్పుడొచ్చింది! ఎక్కణ్ణించొచ్చిందమ్మా అది?"

పిదప కుడివైపునుండి తేఁబోవఁగా గుర్తు అంచున నుండఁగనే అతఁడు కనిపెట్టెను. ఇంక సందేహము లేకపోయెను.

"ఎడమపక్క నీకు కనపడటంలేదు బాబాయ్. లేదనే తెలియట్లేదు."

పోలారావు హీనస్వరమున ననెను. "పిల్లలు దిగేది ఆ పక్కనేగదమ్మా."

అతని మొగమునఁ దోఁచినది జీవనోపాధి పోవునను భీతి కాదు, ఇన్నినాళ్ళు ఏ దైవము కాచెనోయను భీతి. జేబులోని బస్సు తాళపుచెవిని దీసి బల్లపైఁ బెట్టి, "బడి ఇడిసే యేళయ్యింది. ఇంకో డ్రైవర్ని పంపమని ఫోను సెయ్యమ్మా, బేగి" అనెను.

కనఁబడనిచోట ఏమియు లేదని నమ్మింపఁజాలిన చీఁకటికంటె గాఢమైన చీఁకటి లోకమున లేదు. పిల్లలందఱును ఇండ్లు చేరిరని వార్త వచ్చుదాఁక పోలారావు ఆ గది విడువలేదు.