‘పోయిండు’ తర్వాతి మాట

ఎడారి దేశంలోని సోనాపూర్ కూలీల క్యాంపులో శుక్రవారం, సెలవు రోజు, పొద్దున అంటే బట్టలు ఉతుక్కునే పూట, ఊరితో మాట్లాడుకునే పూట. ఒకరు బనియన్లు పిండుతూ, ఒకరు గడ్డం గీసుకుంటూ, ఒకరు ఉల్లిగడ్డలు తరుగుతూ, అందరూ ఫోన్లలోనే ఉంటారు. మధ్యలో ఫోన్ తెగిపోతే, అటు మనిషి చెప్పబోయిన మాట ఇటు నేలమీద రాలి పడుతుంది. చింతగింజంత ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్కసారి వినిపించి, పొడైపోతుంది. అందుకని గది ఊడ్చేవాడు ముందు గింజలు ఏరి, ఎవరివి వాళ్ళ దిండు మీద పెట్టాలి. పక్కవాడి మాట వినడమంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడమే.

ఆ పద్ధతిని తప్పినవాడు రాకేశ్ ఒక్కడే. అతను నైఫ్ బజారు సందుల్లో ఒక బిళ్ళ కొన్నాడు. చూడడానికి తాళాల గుత్తికి వేలాడే బిళ్ళలాగే ఉంటుంది. దాని బొత్తాం నొక్కితే చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ టవర్ అందదు, వదిలితే మళ్ళీ మామూలే. దీన్ని పోలీసుల కంట పడనివ్వొద్దని అమ్మినవాడు చెప్పాడు. ఎవరి ముందు నొక్కొద్దో మాత్రం చెప్పలేదు.

రాకేశ్ గురి గంగాప్రసాద్ మీద. అతను బావమరిదితో గోడలు అదిరేలా మాట్లాడతాడు. ఫోన్ తెగగానే హలో హలో అంటూ కిటికీలోంచి చెయ్యి చాపి టవర్ కోసం వెతుకుతాడు. అది చూసి రాకేశ్ పై మంచం మీద దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేవాడు. రాలిన గింజలు ఏరుకుని నీళ్ళ ట్యాంకు చాటున వినేవాడు. ఒక దాంట్లో ‘పిసినారోడా’ అని ఉంటే వారమంతా ఆ పేరుతోనే గంగాప్రసాద్‌ను పిలిచాడు.

ఇక్కడ ఒకటి గమనించాలి. చెరువులో రాయి వేసేవాడికి తాను గురిపెట్టిన కప్ప ఒక్కటే కనిపిస్తుంది. అల మాత్రం ఒడ్డుదాకా పోతుంది. బొత్తానికి గంగాప్రసాద్ ఎవరో, కింది మంచం వెంకట్రాములు ఎవరో తెలియదు.

వెంకట్రాములు కొడుక్కి విషజ్వరం వచ్చి, ఆస్పత్రి నుంచి ఈమధ్యే ఇంటికి తెచ్చారు. ఇంకా మంచం దిగడం లేదని నిన్ననే భార్య వాసంతి చెప్పింది. ఆ శుక్రవారం ఆమె ఫోన్ చేసినప్పుడు గొంతులో ఆయాసం.

“ఇగో, పిలగాడు పోయిండు...”

సరిగ్గా అప్పుడే రాకేశ్ బొత్తాం నొక్కాడు.

“థూ, మల్ల గీ టవర్,” అన్నాడు గంగాప్రసాద్. అతని గింజ ఉల్లిగడ్డల్లో పడింది. వెంకట్రాములు కాళ్ళ దగ్గర రాలిన ఇంకొకటి మంచాల కిందికి దొర్లింది. రాకేశ్ దిగి, దాన్ని ఏరి జేబులో వేసుకున్నాడు. తల ఎత్తేసరికి వెంకట్రాములు మంచం కోడు పట్టుకుని కూలబడి ఉన్నాడు.

“నా పిలగాడు పోయిండట,” అన్నాడు.

మన భాషలో పోవడం అనేది ఒక్కటే మాట. అంగడికి పోయినా పోవడమే, మళ్ళీ రాకుండా పోయినా పోవడమే. జ్వరంతో ఉన్న బిడ్డ గురించి ఆ మాట అంటే ఏ తండ్రైనా ఒకలాగే వింటాడు. తిరిగి ఫోన్ చేస్తే అటు స్విచ్చాఫ్, చార్జింగ్ అయిపోయిందో ఏమో.

“ఇంకో ముక్క ఏడన్న పడ్డదేమో చూడన్నా,” అన్నాడు గంగాప్రసాద్, గొంతు తగ్గించి.

“పోయిండన్నంక ఇంకేం చెప్తదిరా?” వెంకట్రాములు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. “తారిఖ్ సాబ్ తానకు పోతున్న. ఛుట్టీ ఇయ్యకుంటే కాన్సిల్ రాసిస్త. ఆఖరిసారి మొకమన్న చూడాలె.”

కాన్సిల్ అంటే వీసా రద్దు. మళ్ళీ ఈ కంపెనీ గేటు దాటనివ్వరు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి వచ్చిన పని అది.

రాకేశ్ చెయ్యి జేబులోనే ఉంది. గింజ గోరువెచ్చగా తగులుతోంది. వినొచ్చు. వింటే పొడైపోతుంది, భార్య చెప్పబోయిన మాట ఆ మనిషికి లేకుండా పోతుంది. దిండు మీద పెట్టి ఊరుకోవచ్చు. అప్పటికి సంతకం అయిపోతుంది. లోపల ఇంతకంటే చెడ్డ మాట ఉంటే? ఉన్నా అది తనది కాదు. రాకేశ్ చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు.

ఆఫీసులో క్యాంప్ బాస్ తారిఖ్ కాగితం ముందుకు జరిపి, “అల్లా సబర్ దే, భాయి,” అని ఓదారుస్తున్నాడు. వెంకట్రాములు చేతిలో పెన్ను ఉంది.

“అన్నా, ఆగు. ఇది నీది.”

“నీ తాన ఎట్లున్నది?”

“నేనే ఏరుకున్న. ఫోన్ తెంపింది గూడ నేనే, గిదానితోని.” బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. “గంగన్నను సతాయిద్దామని నొక్కిన. నీది గూడ తెగింది. లోపల ఏమున్నదో తెల్వదన్నా. ఇనలే.”

వెంకట్రాములు గింజను చెవి దగ్గర పెట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి పొడి జారింది. తర్వాత గోడకు చేరగిలబడి, అలాగే నేలమీదికి జారి కూచున్నాడు.

“బడికి,” అన్నాడు. “పిలగాడు పోయిండు, బడికి.”

“క్యా హువా?” అన్నాడు తారిఖ్.

“బచ్చా స్కూల్ గయా, సాబ్.” వెంకట్రాములు నవ్వుతూ, చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

తారిఖ్ కాగితాన్ని వెనక్కి లాక్కుని రెండుగా చించాడు. బిళ్ళను తను సగం తాగిన చాయ్ గ్లాసులో వేసి, “యే చీజ్ మైనే దేఖీ నహీ,” అని, తాను దాన్ని చూడనే లేదన్నట్టు, రాకేశ్ వైపు గుడ్లురిమి చూశాడు. “ఖలాస్. యల్లా.” ఇక అయిపోయింది, నడవండన్నట్టు తలుపు వైపు చెయ్యి ఊపాడు.

బయటికి వచ్చాక రాకేశ్ చెంప వాయగొట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. వెంకట్రాములు అతని మెడ మీద చెయ్యి వేశాడు, బరువుగా.

“ఏడ్సుకుంట పోయిండో, నవ్వుకుంట పోయిండో అది చెప్పనే లేదు. ఉరుకు, నా మంచం కింద ఇంకో ముక్క పడ్డదేమో దేవులాడు. దొరక్కుంటే చెప్త నీ సంగతి.”

రాకేశ్ పరుగెత్తాడు. వెంకట్రాములు మాత్రం నింపాదిగా ఆ ఎండలో, బడికి పోయే పిల్లవాడి వెనక నడిచినట్టు నడిచాడు.