దువ్వెన గుర్తు

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాని. ఇరవై లీటర్లు పట్టేదాన్ని. ఫ్యాక్టరీలో ఒక్క నిమిషంలో పుట్టాను. మొదట నాలో ఫినాయిల్ పోసి, సమస్త క్రిములనూ చంపును అని పొట్ట మీద కాగితం అంటించారు. నేనది నమ్మి కొన్నాళ్లు బాగా మిడిసిపడ్డాను.

ఫినాయిల్ అయిపోయాక మనుషులకు నాతో పనీ అయిపోయింది. పాతసామాన్ల కొట్లో నన్ను కొనుక్కున్నవాడు ఎల్లాజి. శ్రీకాకుళం తీరంలో చేపల వేటకెళ్లే మనిషి. మూత బిగించి వల చివర కడితే, నీళ్ల మీద తేలుతూ వల ఎక్కడుందో చూపించడం నా పని. ఆ ఊళ్లో ఒక్కో ఇంటి డబ్బాకి ఒక్కో గుర్తు. ఒకరిది నిచ్చెన, ఇంకొకరిది కొడవలి. కొత్తగా కాపురం పెట్టిన ఎల్లాజి "ఏ గుర్తు ఎయ్యమంటావు?" అని పెళ్లాన్ని అడిగితే, తల దువ్వుకుంటున్న కాసులమ్మ నవ్వి చేతిలోది చూపించింది. అతను కాల్చిన చువ్వతో నా వీపు మీద దువ్వెన గీశాడు. ఒక అడ్డగీత, దాని కింద ఏడు పళ్లు. ఒళ్లు కాలినా కోపం రాలేదు, ఒక ఇంటిదాన్నయ్యాను కదా. అతని చెయ్యి ఒరుసుకోకుండా కాసులమ్మ నా పిడికి పాత చీర పేలిక చుట్టి నైలాన్ దారంతో కుట్టింది.

ఆరేళ్లు వేటకెళ్లాం. ఏడో ఏడు కార్తీకంలో తుఫాను చెప్పిన రోజుకన్నా ముందే వచ్చింది. పడవ బోల్తా పడింది. ఎల్లాజి నా పిడి పట్టుకుని ఒక పగలూ ఒక రాత్రీ తేలాడు. పక్కన మనిషన్నవాడు లేక నాతోనే మాట్లాడాడు. "నన్నొగ్గీకే" అన్నాడు. నేను వదల్లేదు. మర్నాడు పొద్దెక్కాక అతని చెయ్యే జారిపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లు నేనూ, నీళ్లూ. అంత ఒంటరితనం ఏ డబ్బాకీ వద్దు. ఎండకి పెళుసెక్కిన నా వీపు మీద ఎప్పుడో తెల్లటి బూజు పట్టింది. క్రిములను చంపే డబ్బా మీద బూజు కాపురం! అయినా తోడు దొరికిందని సంబరపడ్డాను. తీరా చూస్తే అది నన్నే తింటోంది. దువ్వెన గాట్లలో దూరి ఒక్కో పన్నే అరగదీస్తోంది. గుర్తు పోతే నన్ను ఇంటికి ఎవరు చేరుస్తారు? ఆగమని మొత్తుకున్నాను. దానికి చెవులెక్కడివి?

మొన్న వేసవిలో అలలు నన్ను మా ఊరి ఒడ్డుకే తెచ్చి పడేశాయి. సముద్రపు చెత్త ఏరడానికి యూనివర్సిటీ నుంచి వచ్చిన సునంద మేడమ్ నా బూజు చూసి, ప్లాస్టిక్‌ని తినే బూజు దొరికిందని మురిసిపోయింది. ఇంతలో కాసులమ్మ వచ్చింది. ఆమె చేతులకి గాజులు అలాగే ఉన్నాయి. ఎల్లాజి పోయాడనడానికి రుజువు దొరకలేదు గనుక ఆమె వాటిని తీయనివ్వలేదట. ఏదో ఒకటి ఒడ్డుకొస్తే కర్మ చేసేద్దామని అందరూ ఎదురుచూస్తున్నారట. ఆ ఒకటి నేనేనని అప్పుడు తెలిసింది. ఇల్లు చేరాలని ఇన్నాళ్లు ఏడ్చింది ఇందుకా అని సిగ్గుపడ్డాను.

"సూడమ్మా, మనదేనేటి?" అన్నాడు ఎల్లాజి అన్న. "అడ్డగీత కింద రెండు గీతలున్నాయి గానీ, నిచ్చెనో ఏటో."

కాసులమ్మ వంగి నా పిడి పట్టుకుంది. పేలిక ఎప్పుడో కుళ్లిపోయింది, దారం మిగిలింది. ఆమె బొటనవేలు ఆ కుట్టు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"మనది దువ్వెన గదా బావా. దీనికి పళ్లేవి? మనది కాదు" అని లేచి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

ఇప్పుడు యూనివర్సిటీలో అద్దాల బీరువాలో ఉన్నాను. పక్కన చీటీ: ఎవరిదో తెలియదు. పిల్లలొచ్చి బూజును చూస్తారు, నన్నెవరూ చూడరు. పోయిన నెల కాసులమ్మ బస్సెక్కి వచ్చింది.

"ఈ బూజు మొత్తం తినీడానికి ఎన్నాళ్లు పడతాది మేడమ్?"

"చాలా ఏళ్లు పట్టొచ్చమ్మా. ఎందుకు?"

"ఊరికినే."

గాజుల చెయ్యి అద్దానికి ఆనించి కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

ఇంకా రెండు పళ్లు మిగిలాయి. ఒకప్పుడు ఆగమని మొత్తుకున్న నేనే ఆ బూజుని రోజూ బతిమాలుతున్నాను, కాస్త తొందరగా తినమని.