ఉన్న గేటు ఉన్నట్టే

బార్నబీ పెలమ్ అనే మనిషి గుర్రమెక్కిన పావుగంటలో నన్ను ముప్పై ప్రశ్నలు అడిగాడు. నేను లెక్కపెట్టలేదు గానీ ముప్పైకి తక్కువ ఉండవు. ఈ గుర్రానికి బిస్కట్ అని పేరెందుకు పెట్టారు, రోజుకి ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎడమ కాలు ఈడుస్తోంది మీరు గమనించారా, అదిగో ఆ మబ్బు వాన మబ్బేనా. అది వాన మబ్బు కాదు. మా కరింగా ఎస్టేటు మీద ఏడు నెలలుగా వాన మబ్బన్నది లేదు. బిస్కట్ కాలికీ ఏమీ లేదు. పైనున్న పెద్దమనిషి బరువంతా ఒక పక్కకే వేసి కూర్చుంటే ఏ గుర్రమైనా అలాగే నడుస్తుంది.

అడిలైడ్ నీటి సరఫరా శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడట. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ఏది కనబడినా టైము వేసి మరీ రాసుకుంటాడు. ఆయనతోపాటు హోబార్ట్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లిద్దరు. వాళ్లు మంచివాళ్లు, టోపీలు మాత్రం తలమీద నిలబడవు. ఈ ముగ్గుర్నీ ఐదు రోజులపాటు కొండల్లో తిప్పి, పడిపోకుండా వెనక్కి తీసుకురావడం నా ఉద్యోగం. పశువుల మీద బతకడం కుదరని ఏడు మా నాన్న పోయాడు. ఆ మరుసటేడు మందంతా అమ్మేసి, పన్నెండు గుర్రాలు మిగుల్చుకుని, నేనీ సవారీలు మొదలుపెట్టాను. నాకు యాభై ఎనిమిదేళ్లు. మంది ముందు నవ్వుతూ ఉండటం ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు.

వచ్చినవాళ్లందరికీ కావలసింది లోయ. ఎర్రరాళ్ల మధ్య పచ్చటి మడుగు, అందులో స్నానం. ఆ లోయకి పోవాలంటే క్లెమ్ హార్‌గ్రేవ్ భూమిలోంచి పోవాలి, వేరే దారి లేదు. కాగితం లేదు, ఒప్పందం లేదు. మా నాన్న స్నేహితుడు కాబట్టి నోటిమాట మీద పోనిస్తున్నాడు. కిందటేడు సిడ్నీ కుర్రాడొకడు మూసి ఉన్న గేటు తెరిచి వదిలేస్తే క్లెమ్ ఆబోతులు వెళ్లి పడ్డల మందలో కలిశాయి. ఎనభై ఒక్కేళ్ల మనిషి మా ఇంటి మెట్ల మీద నిలబడి, "అమ్మాయ్, మీ నాన్న ఆల్ఫ్ మొహం చూసి ఊరుకుంటున్నా. నా భూమిలో గేటు దగ్గర ఇంకొక్కసారి తేడా వచ్చిందా, ఆ దారికి తాళం పడుద్ది," అన్నాడు. ఆ దారి లేకపోతే నా సవారీ లేదు. సవారీ లేకపోతే కరింగాలో నేనూ ఉండను.

అందుకే బయల్దేరే ముందు అందరినీ నిలబెట్టి గేటు పాఠం చెప్తాను. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసి ఉంటే దాటాక మూసెయ్యాలి. తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. మర్యాదకి పోయి మూసినా, బద్ధకించి వదిలేసినా తప్పు ఒకటే. చిన్నపిల్లల చేత చెప్పించినట్టు ఒక్కొక్కరి చేతా తిరిగి చెప్పిస్తాను. అక్కచెల్లెళ్లు బుద్ధిగా చెప్పారు.

"గ్వెండా గారూ, తెరిచున్న గేటు అసలెందుకు తెరిచి పెట్టారో మనం తెలుసుకోవద్దా?" అన్నాడు బార్నబీ.

"వద్దండీ. ఆ సంగతి పశువుల సొంతదారుకి తెలుసు, చాలు."

"ఒకవేళ ఆయన పొరపాటున వదిలేసుంటే?"

"బార్నబీ గారూ, మధ్యాహ్నం భోజనం దాకా మీరు నన్ను ఇంకొక్క ప్రశ్న అడగకూడదు. ఒక్కటంటే ఒక్కటి కూడా."

మనిషి మొహం చిన్నబోయింది. నాకేమీ జాలి వెయ్యలేదు.

అది మంగళవారం. పదకొండు దగ్గరపడుతుండగా క్లెమ్ గేటు చేరాం. బార్లా తెరిచి ఉంది. ఇవతల పెద్ద బీడు, అందులో గడ్డి. అవతల చిన్న బీడు, అందులో గాలిమర కింద సిమెంటు నీళ్లతొట్టి. గడ్డి ఒక చోట, నీళ్లు ఒక చోట కాబట్టి ఎండాకాలమంతా ఆ గేటు తెరిచే ఉంటుంది. ముగ్గుర్నీ ముందు దాటించాను. అంతలో అక్కగారి టోపీ ఎగిరి వెనక్కి పోయింది. నేను గుర్రం తిప్పుకుని వెళ్లి, ముళ్లపొదలో చిక్కుకున్న టోపీ తీసి, గీరుకున్న చెయ్యి నోట్లో పెట్టుకుని, ఆ టోపీ కుట్టినవాణ్ణి తిట్టుకుంటూ వచ్చి మళ్లీ వాళ్లని కలుసుకున్నాను.

మధ్యాహ్నం నిప్పుల్లో కాల్చిన రొట్టె విరిచి పెట్టానో లేదో బార్నబీ నోటుపుస్తకం తీశాడు. "పొద్దున ఆ గేటు దగ్గర..." అని మొదలుపెట్టాడు.

"గేట్ల గురించి ఇంకొక్క మాటన్నారంటే మిమ్మల్ని గుర్రం దింపి నడిపిస్తాను."

పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గేట్ల సంగతి ఎత్తలేదు, మిగతావన్నీ ఎత్తాడు. టీ ఎక్కువసేపు మరిగించారన్నాడు. జీను పట్టీ ఒక కన్నం వదులుగా ఉందన్నాడు, నిజంగానే ఉంది, అది ఇంకా మంట. బుధవారం లోయలో అందరూ మడుగులో ఈదుతుంటే ఆయన ఒడ్డున కూర్చుని కర్రతో లోతు కొలిచాడు. మేం నీళ్లలోంచి వచ్చేసరికి అందరి దుప్పట్లూ మడతలు పెట్టి ఉన్నాయి, నాది కూడా. నా దుప్పటి నేను మడతపెట్టుకోలేనా?

గురువారం పొద్దున లోయలోంచి బయటపడి, గుర్రాలకి నీళ్లు పట్టించి గాలిమర దగ్గరే బస చేద్దామని బయల్దేరాం. ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండ. ఇంకా కిలోమీటరు దూరం ఉండగానే అరుపులు వినిపించాయి. దూడని విడదీసినప్పటి అరుపు వేరు, దాహం అరుపు వేరు. నా గుర్రం రస్టీకి మడమ తగిలించి పరుగెత్తించాను.

గేటు మూసి ఉంది. దాని వెనక అరవై పైగా ఆవులు, దూడలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, నాలుకలు బయటపెట్టి, తొట్టి వైపే చూస్తున్నాయి. రెండు రోజులు. ఆ ఎండలో రెండు రోజులు చుక్క నీళ్లు లేవు. గుర్రం మీంచి దూకి గేటు గొలుసు విప్పాను.

"ఒక్కసారే వదలకండి," అని వెనకనుంచి కేక వేశాడు బార్నబీ. "తొట్టి పగిలిపోద్ది. పదేసి చొప్పున తోలండి."

ఆ ముక్క నాకు తెలియదా? అయినా అప్పటికే గేటు సగం తెరిచేశాను. ఆయనన్నది నిజమే, ఇంకాస్త తెరిస్తే మంద మందంతా మా మీదుగా పోయేది. అక్కచెల్లెళ్లని గుర్రాలతో అడ్డం పెట్టి పదేసి పశువుల్ని వదిలాం. రెండు గంటలు పట్టింది. ఒక ఎర్రదూడ కంచె పక్కన కూలబడిపోయి లేవలేదు. బార్నబీ దాని తల ఒళ్లో పెట్టుకుని, టోపీలో నీళ్లు తెచ్చి, వేళ్లు ముంచి కొంచెం కొంచెం నాకించాడు. చివరికి అది లేచి తూలుకుంటూ తల్లి దగ్గరికి పోయింది.

అప్పుడు నా కోపం కట్ట తెంచుకుంది. "చెప్పాను. ఒక్కొక్కరి చేతా చెప్పించాను. మూసింది మీరే కదండీ? పొరపాటున తెరిచి వదిలేశారేమోనని సర్దేశారు కదా? మీకు సర్దకపోతే చెయ్యి ఊరుకోదు. నా దుప్పటి కూడా ఉండనివ్వలేదు మీరు."

ఆయన తడి టోపీ నేలమీద పెట్టి, నోటుపుస్తకం తీసి, పేజీ తిప్పి నా చేతికిచ్చాడు. బడిపిల్లాడి అక్షరాల్లా గుండ్రంగా ఉంది రాత. *మంగళవారం, 10:52. నాలుగో గేటు. తెరిచి ఉంది. టోపీ తెచ్చాక గ్వెండా మూశారు. ఎందుకు? (భోజనం తర్వాత అడగాలి.)*

"ఇది అబద్ధం," అన్నాను.

"అడుగుదామనే అనుకున్నానండీ. మీరు వద్దన్నారు. మీకు తెలిసే మూసుంటారనుకున్నా. ఈ ఊరి పద్ధతులు నాకేం తెలుసు?"

అబద్ధమని మళ్లీ అనబోయాను. గొలుసు గుర్తొచ్చింది. గొలుసు చివరి కొలికిని మేకుకి రెండు చుట్లు తిప్పి, కింది నుంచి లాగి బిగించి ఉంది. మామూలుగా అందరూ కొలికి మేకుకి తగిలించి వదిలేస్తారు. రెండు చుట్లు మా నాన్న వేసేవాడు, ఆయన నాకు నేర్పాడు. నా చేతులు చూడకుండానే వేశాయి, రెండు రోజుల తర్వాత చూడకుండానే విప్పాయి. చిన్నప్పటినుంచీ మంద వెనక ఆఖరున వచ్చేది నేనే, గేటు మూసేది నేనే. టోపీ పట్టుకుని, చెయ్యి చీక్కుంటూ, ఎవరినో తిట్టుకుంటూ ఆఖరున దాటాను. ఆఖరున దాటితే నా చెయ్యి మూసేస్తుంది.

ఆ దూడ తల ఆయన ఒళ్లో ఉండటం నేను చూశాను. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటుండగా క్లెమ్ పాత ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. గురువారాలు తొట్టి చూసుకోడానికి వస్తాడు. దిగి, తొక్కేసిన నేల చూశాడు, విరిగిన కంచె కర్ర చూశాడు, నీళ్లు తాగి పడుకున్న పశువుల్ని చూశాడు. అడగకముందే అర్థమైపోయింది. నేను తాళం మాట కోసం కాచుకున్నాను.

ఆయన ట్రక్కు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "నేనేనమ్మాయ్," అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"మంగళారం తెల్లారే వచ్చా, ఉప్పు దిమ్మలు వెయ్యడానికి. పోతా పోతా మూసేసుంటా. గుర్తు లేదు. పోయిన నెల మోటారు ఆపకుండా పోయి ట్యాంకంతా ఖాళీ చేశా, అదీ గుర్తు లేదు." చేతి వెనకతో మూతి తుడుచుకున్నాడు. "ఇట్టాంటోడి చేతిలో నోరులేని జీవాలుండకూడదు. వచ్చే సంతకి తోలేస్తా మొత్తం. నువ్వు చూసి వదిలావు కాబట్టి బతికినయ్యి. నీ దారి నీకుందిలే, నేనున్నన్నాళ్లు."

నా దారి నాకు ఉంది. నోరు మూసుకుని నిలబడితే చాలు. అక్కచెల్లెళ్లు నేల చూపులు చూస్తున్నారు. బార్నబీ నోటుపుస్తకం మూసి, పెన్సిలు దారం చుట్టి, జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆ మనిషి అడగాల్సిన ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేదాన్ని.

"నువ్వు కాదు బాబాయ్," అన్నాను. "మేం వచ్చేసరికి తెరిచే ఉంది. మూసింది నేను."

"నీ మందిలో ఎవడో అను."

"ఎవరూ కాదు. నేనే. రెండు చుట్లు వేసి మరీ మూశాను. మూసినట్టు కూడా తెలీదు నాకు."

ఆయన బానెట్ మీంచి చెయ్యి తీశాడు. "ఆల్ఫ్ కూతురివి," అన్నాడు.

"అవును."

"ఈ గేటు మీదెక్కి ఊగుతా పెరిగావు."

"అవును బాబాయ్."

"అయితే నేను కాదు." ట్రక్కు మెట్టు మీద కూర్చున్నాడు. "నేను మూయలేదు." రెండోసారి తనకి తనే చెప్పుకున్నట్టు అన్నాడు. తర్వాత లేచి, టోపీ సర్దుకుని, నిటారుగా నిలబడి నా మీద విరుచుకుపడ్డాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను. మా నాన్నని కూడా కలిపి తిట్టాడు. నాకు అన్నీ తగినవే.

"దారి సంగతి..." అన్నాను అంతా అయ్యాక.

"ఇప్పుడు నా నోట మంచి మాట రాదు. నా కళ్ల ముందు నుంచి పో." ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారమంతా కొండ మీద తిరిగాం. నేను బార్నబీకి క్షమించమని రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన, "ఒకసారి సరిపోద్దండీ," అని, బిస్కట్ ఎడమ కాలి నాడా వదులైందని చూపించాడు. దిగి చూస్తే నిజంగానే వదులైంది. మొదటి రోజునుంచీ కాలు ఈడుస్తున్నది అందుకేనేమో. అక్కడే కూర్చుని బిగించాను.

శనివారం ఇంటిదారి పట్టాం. గాలిమర దాటగానే గేటు మీద ఎండకి ఏదో తళుక్కుమంది. తాళం. అనుకున్నదే. ఇంత వయసు మనిషిని ఇంకో చోట ఏ పనిలో పెట్టుకుంటారో, గుర్రాల్ని ఎవరు కొంటారో, దగ్గరికి వెళ్లేదాకా అవే ఆలోచనలు.

గేటు బార్లా తెరిచి ఉంది. తాళం లేదు. దాణా డబ్బా రేకుమూత ఒకటి తీగతో కట్టి వేలాడుతోంది. దానిమీద ఎర్ర రంగుతో, వంకరగా, పెద్ద పెద్ద అక్షరాలు.

*గ్వెండా ముట్టుకోకూడదు. మిగతావాళ్లు ఉన్న గేటు ఉన్నట్టే వదలండి. క్లెమ్.*

అక్కచెల్లెళ్లు దాటారు. నేను రేకు చూస్తూ, కళ్లు తుడుచుకుంటూ, రస్టీని నడిపించుకుంటూ దాటాను.

"గ్వెండా గారూ," అన్నాడు వెనకనుంచి బార్నబీ, "ఒక్క ప్రశ్న."

"అడగండి."

"మీకు చదవడం వచ్చు కదా?"

చూసుకుంటే నా కుడిచెయ్యి గేటు పై కమ్మీ మీద ఉంది. వెనక్కి లాక్కుని కోటు జేబులో పెట్టుకున్నాను. ఆయనా బిస్కటూ దాటేదాకా బయటికి తియ్యలేదు.