ఖాళీ మగ్గం చప్పుడు

డయానా మా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. మా వీధికి ఆమే వాలంటీరు. కరోనాతో పనిపోయిన నేతగాళ్ళకు ప్రభుత్వం సాయం చేస్తుందని, ఎవరి మగ్గాలు ఆగిపోయాయో రాసుకుంటున్నారని రెండు రోజులుగా మంగళగిరిలో ఎక్కడ విన్నా అదే మాట. ఎదురింట్లో రాసుకుంది. పక్కింటి నాగవేణత్తతో గేటు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడింది. మా ఇంటి ముందుకు వచ్చేసరికి మాస్కు సర్దుకుని, నన్ను చూసి తల ఊపి, తర్వాతి ఇంటికి నడిచింది.

అమ్మ వంటింటి కిటికీలోంచి అంతా చూసింది.

"నాగవేణి ఏదో ఎక్కించింది" అంది.

"ఎక్కించడానికి మన దగ్గరేముంది?" అన్నాడు నాన్న.

నిజానికి ఏమీ లేదు. ఉగాది ముందు షావుకారు మగ్గానికి ఇచ్చిన పడుగు నూలే ఆఖరిది. ఆ చీరలు నేసి ఇచ్చేశాక లాక్‌డౌన్ వచ్చింది, షావుకారు నూలు ఇవ్వడం ఆపేశాడు. శ్రావణమాసం వచ్చినా మా గుంటమగ్గం ఖాళీగానే ఉంది. రేషను బియ్యంతో తిండికి లోటు లేదు గాని, అమ్మ షుగరు మాత్రలు విరిచి సగం సగం వేసుకోవడం మొదలుపెట్టింది. సాయం వస్తే ముందు మాత్రలు కొనాలని నాన్న అన్నాడు. అమ్మ మాత్రం ఆ మాట విననట్టు మాత్రల డబ్బా మూసేసింది.

మర్నాడు కుళాయి దగ్గరకు వెళ్ళాను. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. వీధి చివరింటి రామతులసి తన బిందె పక్కకు జరిపింది.

"నువ్వు ముందు పట్టుకో అమ్మాయ్. పనులున్నోళ్ళు మీరు. మాకేం తొందర."

ఎవరో నవ్వారు. నాగవేణత్త నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. కొంగు ముక్కు మీదకు లాక్కుని కుళాయి వైపే చూస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ తన అనుమానాలన్నీ బయటపెట్టింది. నాగవేణత్త పది రోజులుగా కూర గిన్నె పంపడం లేదు. మా వైపు కిటికీ మూసేసింది. మొన్న మేం ఊడ్చి పారబోసిన చెత్తను పుల్లతో కదుపుతూ కనిపించింది. అది నేనూ చూశాను. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుని మరీ కదిపింది.

"మన చెత్తతో దానికేం పని?" అంది అమ్మ. "మంచి పనికయితే కాదు."

ఆ సాయంత్రం అమ్మ ప్రహరీ పక్కన రాయి ఎక్కి పిలిచింది.

"నాగవేణీ, ఆ డయానాకి మా గురించి ఏం చెప్పావ్?"

"ఉన్నదే చెప్పా వదినా. మీకు పనుందని."

"ఎవరిచ్చారంట?"

"అది నువ్వే చెప్పాల. షావుకారు మా అందరికీ లేదని చేతులూపి, అన్నయ్యకి మాత్రం దొడ్డిదారిన పడుగిచ్చాడు. పొద్దున లేస్తే మీ మగ్గం చప్పుడే. మా ఆయన ఆ చప్పుడు వినలేక లేచి రోడ్డు మీదకి పోతన్నాడు. పైగా ఒక్క దారపు ముక్క కూడా చెత్తలో కనపడనియ్యటంలా, ఎంత జాగ్రత్తమ్మా మీది."

అమ్మ రాయి దిగి లోపలికి వచ్చి, మగ్గం వైపు చూసి, తర్వాత నాన్న వైపు చూసింది.

నాన్న రోజూ ఉదయం ఆ ఖాళీ మగ్గం మీద కూర్చునేవాడు. కొయ్య బిగుసుకుపోకుండా ఆడిస్తున్నానని చెప్పేవాడు. మేం నమ్మాం, లేదా నమ్మినట్టు ఉన్నాం. కానీ నేసిన బట్ట అంచు ఉండాల్సిన చోట ఆయన పాత లుంగీ మడిచి బిగించి కట్టాడు. పోగుల్ని దగ్గరకు కొట్టే అచ్చు వచ్చి దాని మీద పడితే నిజంగా నేస్తున్నప్పుడు వచ్చే చప్పుడే వస్తుంది. కొయ్య కోసమైతే లుంగీ అక్కర్లేదు.

నేను డయానా ఇంటికి పరుగెత్తాను. నా మాట విని ఆమె ఇబ్బందిగా ముఖం పెట్టింది.

"కరోనా అని ఇళ్ళల్లోకి వెళ్ళొద్దన్నారండీ. పక్కవాళ్ళని అడిగి రాసుకుంటున్నాం. అయినా నిన్న మీ మగ్గం చప్పుడు నేను కూడా విన్నానుగా. రేపు మధ్యాహ్నానికి జాబితా ఇచ్చెయ్యాలి. పక్కింటివాళ్ళు కళ్ళారా చూసి సంతకం పెడితే మీ పేరు చేరుస్తాను."

మాకు పక్కిల్లంటే ఒకటే. రెండో వైపు ఖాళీ స్థలం.

మర్నాడు పొద్దున్నే డయానా నాగవేణత్తను పిలిచి, మా గుమ్మం బయట నిలబడింది. నాగవేణత్త కొంగుతో ముక్కు మూసుకుని లోపలికి వచ్చింది. మగ్గం చుట్టూ తిరిగింది. గుంటలోకి వంగి చూసింది. లుంగీని వేలితో నొక్కింది. మళ్ళీ కొత్త పడుగు వచ్చినప్పుడు అతకడానికి అచ్చులో వదిలేసిన పాత పోగుల కొసలు వేలాడుతున్నాయి. వాటిని పట్టుకుని ఊదింది. దుమ్ము లేచింది.

"ఇది ఉగాది ముందు నేసిన చిలకపచ్చ నూలే" అంది. అయినా మంచం కిందికి వంగింది. అటక మీదికి చూసింది.

"బియ్యం డబ్బాలో కూడా చూడు, దాచిపెట్టాం" అంది అమ్మ.

"చూస్తా, నాకేం మొహమాటం?" అని నాగవేణత్త నిజంగానే మూత తీసి చూసింది.

తర్వాత నాన్న ముందుకు వచ్చి నిలబడింది.

"మరెందుకు కొట్టావన్నయ్యా, ఊరికే?"

నాన్న గోడ వైపు తిరిగాడు.

"షావుకారు ముందు నేత చెయ్యి మంచిదయినోళ్ళకే పడుగిస్తన్నాడని వీధిలో అనుకున్నారు గదా. నాకివ్వలా."

నాగవేణత్త కొంగు ముక్కు మీద నుంచి జారింది. మళ్ళీ లాక్కోలేదు. బయటకు వెళ్ళి డయానా చూపించిన చోట సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇస్తూ మా వైపు తిరిగింది.

"వదినా, ఒక్క మాట. ఇంక ఈ ఇంట్లో చప్పుడయితే దొంగ సంతకం పెట్టానని నా పేరు కూడా కొట్టేస్తారు. సాయం చేతికొచ్చిందాకా అన్నయ్యని మగ్గం జోలికి పోనియ్యమాక."

"పోడు" అంది అమ్మ.

"నువ్వు చెప్పటం కాదు, నేను వింటా ఉంటా."

మాటయితే కటువుగానే అంది గాని, ఆ పూట కూర గిన్నె వచ్చింది. అమ్మ మూత తీసి, వాసన చూసి, ముందు తను ఒక ముద్ద తిని కాసేపు ఆగాకే మాకు పెట్టింది.

మర్నాడు నాన్న వాకిట్లో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. అమ్మ పెరట్లో రోలు ముందు కూర్చుని గోంగూర పచ్చడికి మిరపకాయలు దంచుతోంది.

"వదినా" గోడ అవతలి నుంచి నాగవేణత్త గొంతు. "ఏందది?"

"రోలు. పచ్చడి."

ఆమె అక్కడి నుంచి కదల్లేదని నాకు తెలుసు. గోడ కింది సందులోంచి ఆమె పాదాలు కనపడుతున్నాయి.

అమ్మ పైకెత్తిన రోకలి దించలేదు. మెల్లగా పక్కన పెట్టింది. మిరపకాయలు ఇంకా నలగనే లేదు. వాటిని అలాగే గిన్నెలోకి ఎత్తి, ఉడికిన గోంగూర వేసి చేత్తో కలిపింది.

మిరపకాయలు అన్నంలో ముక్కలు ముక్కలుగా తగిలాయి. ముగ్గురం నీళ్ళు తాగుతూ తిన్నాం.